కెనడాలో మన చదువుకి లైసెన్స్: ముందు ఏ దారి, ఏ ప్రావిన్స్?

"అన్నా, డబ్ల్యూఈఎస్ రిపోర్ట్ వచ్చేసింది. ఇక లైసెన్స్ పని అయిపోయినట్టే కదా?"

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నెలకి ఒకరైనా ఈ ప్రశ్నతో ఫోన్ చేస్తారు. అయిపోలేదు, అసలు మొదలే కాలేదు. విదేశీ డిగ్రీల్ని లెక్క కట్టే డబ్ల్యూఈఎస్ సంస్థ ఇచ్చే ఆ రిపోర్ట్ పీఆర్, అంటే శాశ్వత నివాసం, పాయింట్ల కోసం. మీ డిగ్రీ కెనడా డిగ్రీకి సమానమని మాత్రమే అది చెబుతుంది. నర్సుగానో ఇంజనీరుగానో మీరు పని చేయొచ్చని చెప్పే అధికారం ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) చట్టం కింద నడిచే నియంత్రణ సంస్థలది. ఒంటారియోలో ఆరోగ్య రంగంలోని ఈ సంస్థల్ని కాలేజీలంటారు. కాలేజ్ ఆఫ్ నర్సెస్, కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్, ఇలా. వాటిలో పాఠాలు చెప్పరు. నేను కాలేజీకి అప్లై చేశానని చెబితే మా పెద్దమ్మ "పిల్లల తండ్రివి, మళ్లీ చదువేంట్రా" అని దిగులు పడింది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫార్మసిస్ట్‌గా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్లు చూసి పీఆర్ ఇచ్చే పద్ధతిలో, దరఖాస్తు పెట్టేవారికి డబ్ల్యూఈఎస్ రిపోర్ట్ పీఆర్‌కి కూడా పనికిరాదు. వాళ్లు ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డు, అంటే పీఈబీసీ, దగ్గరే డిగ్రీ లెక్క కట్టించుకోవాలి. డాక్టర్లు మెడికల్ కౌన్సిల్ దగ్గర చేయించుకోవాలి. ఇది తెలియక డబ్బు రెండుసార్లు కట్టినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు.

నేను గుంటూరు దగ్గర బీఫార్మసీ చదివి, ఇప్పుడు ఒంటారియోలో ఫార్మసిస్ట్‌గా చేస్తున్నాను. మా ఆవిడ నర్సు. కాబట్టి ఈ రెండింటి గురించి తెలిసినంత వివరంగా చెబుతాను, మిగతావి టూకీగా.

మూడు దారులు

ఏ వృత్తైనా ముందుకొచ్చే దారులు మూడే. ఒకటి, ఏడాదో మూడేళ్లో పట్టినా పూర్తి లైసెన్స్‌కే కూర్చోవడం. రెండు, ఒక మెట్టు కిందున్న లైసెన్స్ ముందు తీసుకుని, జీతం మొదలయ్యాక పైమెట్టు ఎక్కడం. మూడు, మీ చదువు ఉపయోగపడుతూనే లైసెన్స్ అక్కర్లేని పక్క ఉద్యోగం.

మన వాళ్లలో చాలామంది పరువు చూసుకుని మొదటి దారి పడతారు, లేదా భయపడి మూడోదానికి పోతారు. ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చవు. కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోండి. ఇంట్లో ఒక జీతం లేకుండా ఎన్ని నెలలు నెట్టుకురాగలం? ఈ దారిలోకి వెళ్తే మళ్లీ వెనక్కి రావచ్చా?

రెండో ప్రశ్నే ముఖ్యం. మొదటి దారిలో ఓడిపోతే మూడోదానికి ఎప్పుడైనా వెళ్లొచ్చు. మూడో దారిలో ఐదేళ్లు గడిపి వెనక్కి తిరగడం మాత్రం కష్టం. నర్సింగ్ లాంటి వృత్తుల్లో ఇటీవలి కాలంలో ప్రాక్టీస్ చేసినట్టు రుజువు అడుగుతారు. గోడౌన్‌లో రెండేళ్లు పెట్టెలు మోసి "ఇప్పుడు చదువుతా" అంటే అప్పటికి చేతిలో పని పాతబడిపోయి ఉంటుంది, పుస్తకమూ మరిచిపోయి ఉంటుంది. ఇండియాలోనో గల్ఫ్‌లోనో ఉన్న నర్సులకి అందుకే చెప్తాను: వీసా వచ్చిందని ఆర్నెల్ల ముందే రాజీనామా చేయకండి, ఫ్లైట్ ఎక్కే నెల దాకా డ్యూటీ చేయండి.

నర్సులకి: దారి కన్నా ప్రావిన్స్ ముఖ్యం

క్యూబెక్ సంగతి వేరు, అక్కడ వృత్తి సంఘంలో చేరాలంటే ఫ్రెంచ్ రావాలి. మిగతా చోట్ల ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, కావాలంటే 2015 నుంచి ఎన్‌క్లెక్స్ పరీక్షే. అమెరికా నర్సులు రాసేదీ ఇదే. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. మీ జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నని ఎంచుకుంటుంది. 85 ప్రశ్నలకి ఆగిపోవచ్చు, 150 దాకా సాగవచ్చు, గరిష్ఠంగా 5 గంటలు. ఏ ప్రావిన్స్‌కి వెళ్లినా ఈ కష్టంలో తేడా ఉండదు.

తేడా అంతా పరీక్షకి ముందు కాగితాల దగ్గర వస్తుంది. 2014లో ఎన్‌ఎన్‌ఏఎస్ అనే జాతీయ సంస్థ మొదలైంది. మీ నర్సింగ్ కాలేజీ సిలబస్, క్లినికల్ గంటలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పని చేసిన ఆసుపత్రుల లేఖలు అన్నీ నేరుగా వాళ్లకి చేరాలి. వాళ్లు రిపోర్ట్ రాశాక దాన్ని ప్రావిన్స్ సంస్థ మళ్లీ మొదటి నుంచి చూసేది. ఏళ్లు పట్టేది. మా ఆవిడ ఫైలు ఒక సంస్థలో నెలల తరబడి కదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అనే మాటే వినిపించింది.

కోవిడ్ తర్వాత నర్సుల కొరత ముదరడంతో ప్రావిన్స్‌లు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. నోవా స్కోషియా 2023 మార్చిలో ఏడు దేశాల పేర్లు ప్రకటించింది. ఫిలిప్పీన్స్, నైజీరియా, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో పాటు ఇండియా కూడా ఆ జాబితాలో ఉంది. ఆ దేశాల్లో రిజిస్టర్ అయిన నర్సుల చదువుని ప్రత్యేకంగా తూకం వేయకుండా, రిజిస్ట్రేషన్ చూసి పరీక్షకి అనుమతిస్తామంది. అదే ఏడాది ఆల్బర్టా కూడా ఇండియాతో సహా కొన్ని దేశాల నర్సులకి ఎన్‌ఎన్‌ఏఎస్ లేకుండా నేరుగా తన దగ్గరే దరఖాస్తు పెట్టే వీలు ఇచ్చింది. ఒంటారియో నెమ్మదిగా, మెట్టు మెట్టుగా కదిలింది. 2022 జనవరిలో ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద పని చేసి ప్రాక్టీస్ రుజువు తెచ్చుకునే పథకం పెట్టింది. 2025 ఏప్రిల్‌లో విద్యార్హత నిబంధననే సడలించింది.

ఒంటారియోలో బంధువులున్నారని అక్కడికే అప్లై చేయడం మన అలవాటు. ఇక్కడే ఒక లెక్క వేసుకోండి. 2017లో అమల్లోకి వచ్చిన కెనడా అంతర్గత వాణిజ్య ఒప్పందం ప్రకారం ఒక ప్రావిన్స్‌లో లైసెన్స్ ఉన్నవారిని మరో ప్రావిన్స్ మామూలుగా మళ్లీ చదివించకుండా, వృత్తి పరీక్ష మళ్లీ పెట్టకుండా గుర్తించాలి. ఫీజు కట్టాలి, ప్రవర్తన ధ్రువపత్రాల లాంటివి ఇవ్వాలి. పైగా 2023 నుంచి వేరే ప్రావిన్స్‌లో రిజిస్టరై ఉన్న నర్సులు ఒంటారియో రిజిస్ట్రేషన్ పూర్తయ్యేలోపే పని మొదలుపెట్టే వీలు కూడా ఉంది. అంటే మొదటి లైసెన్స్ ఏ ప్రావిన్స్ త్వరగా ఇస్తే అక్కడ తీసుకోవడం తెలివైన పని. నోవా స్కోషియా రాజధాని హ్యాలిఫాక్స్‌లో గోంగూర దొరకడం కష్టమే, కానీ ఏడాది ముందుగా నర్సు జీతం వస్తుంది.

ఒక షరతు. ప్రావిన్స్ నామినేషన్ (ఆ ప్రావిన్స్ చేసే సిఫారసు) మీద పీఆర్ తీసుకుంటే అక్కడ ఉండే ఉద్దేశంతో వస్తున్నామని చెప్పి తీసుకుంటారు. రాగానే పెట్టె సర్దుకుని టొరంటో బస్సెక్కే ఆలోచన ఉన్నవాళ్లు నామినేషన్ జోలికి వెళ్లకండి.

జీఎన్‌ఎం చేసినవాళ్లకి విడిగా ఒక మాట. ఒంటారియో 2005 నుంచి ఆర్‌ఎన్‌కి డిగ్రీ అడిగింది కాబట్టి డిప్లొమా నర్సుల్ని ఆర్‌పీఎన్ (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు) అనే కింది మెట్టుకి పంపేవారు. "జీఎన్‌ఎం అంటే ఆర్‌పీఎన్ మాత్రమే" అన్న సలహా అప్పటి నుంచి ఒకరి నోటి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. నిబంధనలు మారాయి కాబట్టి పాత సలహా పట్టుకుని ఆగకండి. మీరు ఇండియాలో ఆర్‌ఎన్‌గా రిజిస్టర్ అయినవారు. ముందు ఆర్‌ఎన్‌కే అడగండి, కాదంటే అప్పుడు చూద్దాం. ఆర్‌పీఎన్‌కి 2022 నుంచి రెక్స్ పీఎన్ అనే వేరే పరీక్ష ఉంది. దాన్ని ఒక మెట్టుగా వాడుకోవచ్చు, తప్పు లేదు. పీఎస్‌డబ్ల్యూ ఉద్యోగం, అంటే వృద్ధాశ్రమాల్లో రోగుల సంరక్షణ పని, ఇల్లు గడవడానికి మంచిదే. కానీ అక్కడ చేసిన గంటలు నర్సు ప్రాక్టీస్‌గా లెక్కకి రావు. ఏళ్ల తరబడి అందులో ఉండిపోవద్దు.

ఫార్మసీ వాళ్లకి: మూడు దారులూ నిజంగా తెరిచి ఉన్నాయి

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అడుగుతారు. 2003 జనవరి తర్వాత డిగ్రీ పూర్తి చేసినవారికి అమెరికా కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు అడుగుతుంది. మన బీఫార్మసీ నాలుగేళ్లు. కాబట్టి అక్కడ ఆ తలుపు మూసుకుపోయింది. 2008లో ఇండియాలో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ వాళ్లకి మాత్రం తెరిచే ఉంది. కెనడాలో నాలుగేళ్ల బీఫార్మసీ వాళ్లు కూడా పరీక్షలకి కూర్చోవచ్చు. ఆంధ్రలో, తెలంగాణలో వీధికో ఫార్మసీ కాలేజీ ఉన్న రోజుల్లో చదివిన మా తరం ఇటువైపు రావడానికి ఇదో పెద్ద కారణం.

పూర్తి లైసెన్స్ దారి ఇలా ఉంటుంది. పీఈబీసీ మొదట డాక్యుమెంట్లు చూస్తుంది. తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష. అది గట్టెక్కితే క్వాలిఫయింగ్ పరీక్ష రెండు భాగాలు: రాతపరీక్ష ఒకటి, ఆస్కీ అనే ముఖాముఖి పరీక్ష ఒకటి. ఇవన్నీ అయ్యాక కూడా చేతికి వచ్చేది సర్టిఫికెట్టే, లైసెన్స్ కాదు. ప్రావిన్స్ కాలేజీ దగ్గర చట్టం పరీక్ష, భాష రుజువు, ప్రాక్టికల్ శిక్షణ మిగిలే ఉంటాయి. పరీక్షలకి ఎన్నిసార్లైనా కూర్చోనివ్వరు, ప్రయత్నాలకి పరిమితి ఉంది. "ఒకసారి ఊరికే రాసి చూద్దాం" అనుకోవద్దు. ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

రాతపరీక్షలు మనవాళ్లు బాగానే దాటేస్తారు. తడబడేది ఆస్కీ దగ్గర. ఆస్కీ అంటే వరసగా గదులు, ఒక్కో గదిలో రోగిగానో డాక్టరుగానో నటించే మనిషి, మీ చేతిలో కొద్ది నిమిషాలు. తల్లి ఏడుస్తూ వస్తుంది, బిడ్డకి మందు రెండింతలు పోసిందని. మీకు డోసు లెక్క తెలుసు. కానీ ముందు ఆమెని కూర్చోబెట్టి, ఎంత పోశారు, ఎప్పుడు పోశారు, బిడ్డ ఇప్పుడు ఎలా ఉన్నాడు అని అడగాలి. మన బీఫార్మసీలో ఇది నేర్పరు. మనం టాబ్లెట్ తయారు చేయడం నేర్చుకున్నాం, మందు నాణ్యత చూసే హెచ్‌పీఎల్‌సీ యంత్రం నడపడం నేర్చుకున్నాం. జబ్బు మనిషితో మాట్లాడటం నేర్చుకోలేదు. నేను మొదటిసారి ఆస్కీ తప్పింది కూడా ఇందుకే. అన్ని జవాబులూ చెప్పాను, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫార్మ్‌డీ వాళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగినవాళ్లు కాబట్టి ఇక్కడ మనకన్నా ముందుంటారు.

ఈ మాట్లాడే నైపుణ్యం పరీక్ష అయ్యాక కూడా వదలదు. ఒంటారియోలో 2023 జనవరి నుంచి ఫార్మసిస్టులే 13 చిన్న జబ్బులకి మందు రాస్తున్నారు. ఆ ఏడాది అక్టోబర్‌లో అవి 19 అయ్యాయి. కళ్లకలక నుంచి మొటిమల దాకా కౌంటర్ దగ్గరే. ఇక్కడ ఫార్మసిస్ట్ అంటే మన ఊరి మెడికల్ షాపు కుర్చీ కాదు.

రెండో దారి ఫార్మసీ టెక్నీషియన్. ఒంటారియోలో 2010 నుంచి ఇది కూడా లైసెన్స్ ఉన్న వృత్తే. దీనికీ పీఈబీసీ పరీక్ష, కాలేజీ రిజిస్ట్రేషన్ ఉంటాయి. జీతం ఫార్మసిస్ట్‌తో పోలిస్తే బాగా తక్కువ. అయినా ఆసుపత్రి ఫార్మసీలోకి అడుగుపెట్టడానికి ఇది మంచి దారి. కాకపోతే ఇందులోకి వెళ్లినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోవడం చూశాను. ఇల్లు కొంటారు, ఈఎంఐ మొదలవుతుంది, పెద్ద పరీక్ష వచ్చే ఏడాదికి, ఆ తర్వాతి ఏడాదికి వాయిదా పడుతుంది. ఎంచుకుంటే తేదీ పెట్టుకుని ఎంచుకోండి.

ఇవి రెండూ కాక లైసెన్స్ లేని ఫార్మసీ అసిస్టెంట్ పని ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఆస్కీ నేర్పింది ఆ కౌంటరే. రోజుకి వంద మందితో మాట్లాడతాం, మందుల బ్రాండ్ పేర్లు నోటికొస్తాయి, ఇన్సూరెన్స్ తిరస్కరణ అంటే ఏంటో అర్థమవుతుంది. పరీక్షకి చదువుతూ వారానికి 20 గంటలు ఇది చేయడం అన్నిటికన్నా మంచి జోడీ.

ఇక మూడో దారి. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఏళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో, రెగ్యులేటరీ ఫైలింగ్‌లో చేసినవాళ్లు ఫార్మసిస్ట్ లైసెన్స్ వెంట పడాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. మీ అనుభవం మందుల తయారీది. టొరంటో చుట్టుపక్కల ఆ పరిశ్రమ ఉంది, అపోటెక్స్ లాంటి జెనరిక్ కంపెనీ పుట్టిందే ఇక్కడ. ఆ ఉద్యోగాలకి లైసెన్స్ అడగరు. పదేళ్ల పని పక్కన పడేసి కౌంటర్ వెనక మొదటి నుంచి మొదలుపెట్టడం తాటిచెట్టు దిగి ఈతచెట్టు ఎక్కడమే. కాలేజీ నుంచి ఇప్పుడే బయటికొచ్చినవాళ్లు, రోగులతో పని ఇష్టమున్నవాళ్లు మాత్రం పూర్తి లైసెన్స్‌కే వెళ్లాలి.

ఏ దారైనా కాగితాలు ఇంటి దగ్గరే

ఇండియాలో ఉండగానే చేయాల్సిన పని ఇది. ఇక్కడికొచ్చాక ఇదే పదింతల టెన్షన్.

మొదటి చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరమై "కె" అని పొట్టిగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో అది సర్‌నేమ్ గడిలోకి పోయింది, లేదా ఆ గడి ఖాళీగా ఉంది. పెళ్లయిన ఆడవాళ్లకి పాస్‌పోర్ట్‌లో అత్తింటి పేరు చేరుతుంది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పుట్టింటి పేరే ఉంటుంది. ఇక్కడి అధికారికి ఇవి ముగ్గురు మనుషులు. అన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించండి. వీలైతే కౌన్సిల్ రికార్డులో పేరు పాస్‌పోర్ట్‌కి సరిపోయేలా మార్పించండి.

రెండో చిక్కు యూనివర్సిటీ. తెలంగాణలో నర్సింగ్, బీడీఎస్, ఎంబీబీఎస్ పాత బ్యాచుల వాళ్లకి ట్రాన్‌స్క్రిప్ట్ (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రం) విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచే రావాలి, ఎందుకంటే వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ 2014లో గానీ ఏర్పడలేదు. ఆ విజయవాడ యూనివర్సిటీకి కూడా ఎన్టీఆర్ పేరు 2022లో వైఎస్సార్‌గా, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌గా మారింది. సర్టిఫికెట్ మీద ఒక పేరు, కవరు మీద ఇంకో పేరు ఉంటే ఇక్కడ ఆపేస్తారు. రెండూ ఒకటేనని లేఖ పెట్టించండి. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది. అంతకు ముందు చదివినవాళ్లు రికార్డు ఎక్కడుందో తెలుసుకుని వెళ్లడం మంచిది. నర్సింగ్, ఫార్మసీ కౌన్సిళ్లకి కూడా రాష్ట్ర విభజన తర్వాత ఇదే కథ.

మూడోది సీల్ చేసిన కవరు. యూనివర్సిటీ సీలు చెదరకుండా నేరుగా కెనడా సంస్థకే చేరాలి. నా ట్రాన్‌స్క్రిప్ట్ తెచ్చిన మా బావమరిది, పాపం మంచి ఉద్దేశంతోనే, కవరు చింపి స్కాన్ తీసి వాట్సాప్‌లో పంపాడు. "బావా, అన్నీ ఉన్నాయో లేదో చూసుకో" అని. ఆ కవరు అక్కడితో చెల్లలేదు. మూడు నెలలు పోయాయి.

ఇంజనీర్లు: అసలు లైసెన్స్ కావాలా?

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు, మీ పనికి మామూలుగా లైసెన్స్ అక్కర్లేదు. బిజినెస్ కార్డు మీద 'ఇంజనీర్' అని వేసుకునే ముందు మాత్రం ఆలోచించండి, ఆ పదానికి చట్ట రక్షణ ఉంది. ఆల్బర్టా ఒక్కటి 2023 చివర్లో చట్టం మార్చి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే పేరు వాడుకోనిచ్చింది.

సివిల్, స్ట్రక్చరల్, బిల్డింగ్ ఎలక్ట్రికల్ వాళ్లకి లైసెన్స్ కావాలి. డ్రాయింగ్ మీద ముద్ర వేసేవాడికే అక్కడ విలువ. ఒంటారియోలో పీఈవో అనే సంస్థ దీన్ని ఇస్తుంది. 48 నెలల అనుభవం, వృత్తి చట్టం పరీక్ష, బయట చదివినవాళ్లకి సాంకేతిక పరీక్షలు కూడా ఉంటాయి. ఆ 48 నెలల్లో 12 నెలలు కెనడాలోనే చేసి ఉండాలన్న నిబంధన దశాబ్దాలుగా మనవాళ్ల గొంతు మీద కత్తి. లైసెన్స్ లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే లైసెన్స్ రాదు. పీఈవో దాన్ని 2023 మేలో తీసేసింది. ఇప్పుడు పోలవరంలో చేసిన పనైనా, మెట్రో రైలు పనైనా, సరిగ్గా రాసి రుజువు చేస్తే లెక్కకొస్తుంది. రాయడమే అసలు పని. "సైట్ పర్యవేక్షణ చేశాను" అంటే సరిపోదు. ఏ సమస్య వచ్చింది, ఏ లెక్క వేశారు, ఏ నిర్ణయం మీది, అది రాయాలి. మన రెజ్యూమెల్లో 'మేము' ఎక్కువ, 'నేను' తక్కువ.

ఇండియా 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో చేరింది కదా, నేరుగా ఇచ్చేస్తారా అని అడుగుతారు. ఇవ్వరు. అది కొన్ని కోర్సుల నాణ్యతని గుర్తించే ఒప్పందం మాత్రమే.

ఫ్యాక్టరీల్లో పని చేసే మెకానికల్, ప్రొడక్షన్ వాళ్లు తొందరపడక్కర్లేదు. సొంత యజమాని ఫ్యాక్టరీలోని ఉత్పత్తి యంత్రాల మీద చేసే పనికి ఒంటారియో చట్టంలో మినహాయింపు ఉంది. ముందు ఉద్యోగం చూసుకుని, లైసెన్స్ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మధ్యలో టెక్నాలజిస్ట్ సర్టిఫికెట్ అనే మెట్టు ఉంది, ఓఏసీఈటీటీ అనే సంస్థ ఇస్తుంది. మునిసిపాలిటీ ఉద్యోగాలు వెతికే సివిల్ వాళ్లకి అది ఉపయోగం, మిగతావాళ్లకి నేను పెద్దగా చెప్పను.

బీడీఎస్, ఎంబీబీఎస్

డెంటిస్టులకి రెండు దారులు. జాతీయ బోర్డు పరీక్షలు వరసగా రాసి, ఒట్టావాలో చేతి నైపుణ్యం పరీక్ష కూడా ఇవ్వడం ఒకటి. యూనివర్సిటీలో రెండు మూడేళ్ల కోర్సులో చేరడం రెండోది, దాని ఫీజు మన డబ్బుల్లో కోటి దాకా పోతుంది, దాటొచ్చు కూడా. డబ్బు లేనివాడు పరీక్షలే రాస్తాడు. డబ్బున్నవాడికి కూడా ముందు రాతపరీక్ష రాసి చూసి, అప్పుడే అప్పు చేయమని చెప్తాను. ఈలోగా డెంటల్ అసిస్టెంట్‌గా చేస్తే ఇక్కడి క్లినిక్ పద్ధతి తెలుస్తుంది.

డాక్టర్ల సంగతి వేరు. అక్కడ అడ్డు పరీక్ష కాదు, రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, సీటు. ఇండియాలోనో బయటో స్వతంత్రంగా ప్రాక్టీస్ చేసిన అనుభవం గట్టిగా ఉన్నవాళ్లు, ఒంటారియోలో 2023లో మొదలైన ప్రాక్టీస్ రెడీ అసెస్‌మెంట్ (అనుభవమున్న డాక్టర్ల పనిని పరిశీలించి అనుమతించే పథకం) లాంటివి చూడొచ్చు. ఇప్పుడే హౌస్ సర్జన్సీ అయినవాళ్లకి మాత్రం కెనడా మొదటి ఎంపిక కాకూడదని నా అభిప్రాయం.

న్యాయంగా చూడాలన్న చట్టం మీ చేతిలో ఎంత పనికొస్తుంది

బయట చదివినవాళ్లని నియంత్రణ సంస్థలు పారదర్శకంగా, నిష్పాక్షికంగా చూడాలని కెనడాలో మొదట చట్టం చేసింది ఒంటారియో. 2006లో చేసిన ఆ చట్టం 2007 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఫెయిర్‌నెస్ కమిషనర్ అనే పదవి పుట్టింది. మొదటి కమిషనర్ జీన్ ఆగస్టీన్, కెనడా దిగువ సభకి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ. తర్వాత మానిటోబా, నోవా స్కోషియా చట్టాలు చేశాయి. ఆల్బర్టా చట్టం 2020లో అమలైంది, బ్రిటిష్ కొలంబియాది 2024 జులైలో 29 వృత్తులకి వర్తించింది.

మనవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. ఒంటారియో కమిషనర్ ఆఫీసుకి లేఖ రాస్తే మీ ఫైలు కదిలిస్తారనుకుంటారు. ఒక్కో మనిషి కేసులో ఆ ఆఫీసు తలదూర్చదు. సంస్థ పద్ధతి మొత్తంగా న్యాయంగా ఉందా లేదా అన్నదే చూస్తుంది. క్యూబెక్‌లో అయితే ఈ విషయాలకున్న కమిషనర్ ఒక్కో వ్యక్తి ఫిర్యాదు కూడా తీసుకుంటాడు. అలాగని ఒంటారియో లేఖ వృథా కాదు. పదిమంది అదే కష్టం రాస్తేనే అది పద్ధతిలో లోపమని తేలుతుంది. కెనడా అనుభవం అడగడం మీద అలా ఎన్నో ఏళ్లు గొడవ జరిగింది. ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో అది వివక్షే అవుతుందని విధానం ప్రకటించింది. మినహాయింపు తెచ్చుకుంటే తప్ప ఆ షరతు పెట్టకూడదని 2021లో చేసిన చట్టం ఆరోగ్యేతర వృత్తుల్లో 2023 డిసెంబర్ నుంచి అమలైంది.

మీ సొంత ఫైలుకి పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. ఆరోగ్యేతర వృత్తుల్లో బయట చదివినవారి దరఖాస్తుల్లో చాలావాటి మీద ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలి. కానీ ఆ గడియారం దరఖాస్తు పూర్తయ్యాకే తిరగడం మొదలవుతుంది, సగం కాగితాలతో అప్లై చేసి నెలలు లెక్కపెట్టుకుంటే లాభం లేదు. నిర్ణయం వ్యతిరేకంగా వస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. మీ ఫైలులో ఏముందో చూపించమని కూడా అడగొచ్చు. చాలాసార్లు ఒక కాగితం చేరలేదనో, సిలబస్‌లో ఒక సబ్జెక్టు పేరు వేరుగా ఉందనో తేలుతుంది. ఫోన్‌లో చెప్పింది నమ్మకండి, ప్రతిదీ ఈమెయిల్‌లో తీసుకోండి.

ఆరోగ్య వృత్తుల్లో తిరస్కరణ లేఖ వస్తే దాని మీద స్వతంత్ర అప్పీలు బోర్డుకి వెళ్లొచ్చు. గడువు 30 రోజులే. మన అలవాటు ప్రకారం మొదటి వారం బాధపడతాం, రెండో వారం బంధువుల్ని అడుగుతాం, మూడో వారం లాయరు ఫీజు విని వెనక్కి తగ్గుతాం. లేఖ వచ్చిన రోజే ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ముప్ఫయ్యో తేదీ చుట్టూ ఎర్ర గీత గీయండి, ఆ సాయంత్రమే కారణాల్లో ఒక్కోదాని పక్కన మీ దగ్గరున్న రుజువు ఏంటో రాయడం మొదలుపెట్టండి.